వదిలొచ్చిన ఊరే ఇంటిపేరు

నందమూరి తారక రామారావు పుట్టింది 1923లో, పామర్రు దగ్గరి నిమ్మకూరులో. నందమూరు అనే ఊరు కృష్ణా జిల్లాలోనే వేరే ఉంది. 1895లో ఆ నందమూరులో పుట్టిన మహాకవి ఇంటిపేరేమో విశ్వనాథ. వేటూరి ప్రభాకరశాస్త్రి, వేటూరి సుందరరామమూర్తి ఇద్దరూ పుట్టింది కృష్ణ ఒడ్డున పెదకళ్లేపల్లిలో. కూచిపూడి నాట్యాన్ని తరతరాలుగా నిలబెట్టిన ఇళ్లు వేదాంతం, వెంపటి, పసుమర్తి, చింతా, భాగవతుల వారివి, ఒక్కరి ఇంటిపేరూ కూచిపూడి కాదు. ఇవన్నీ యాదృచ్ఛికంగా కుదిరినవని అనుకోలేం. ఊరిపేరు ఇంటిపేరుగా పడేది ఆ ఊళ్లో ఉండిపోయినవాళ్లకు కాదు, దాన్ని విడిచి వెళ్లినవాళ్లకు. నందమూరులో అందరూ నందమూరు వాళ్లే. ఆ మాట చెప్పి ఏ ఇంటినీ ఆనవాలు పట్టలేం. పొలిమేర దాటి ఇంకో ఊళ్లో కాపురం పెట్టినప్పుడే ‘నందమూరి వాళ్లు’ అన్న పిలుపుతో పనిపడుతుంది. అందుకే ఇంటిపేరును కులానికో వంశగౌరవానికో గుర్తుగా కాక, ముందుగా వలసకు సాక్ష్యంగా చదవాలంటాను.

ఆ సాక్ష్యం వ్యాకరణంలోనే ఉంది. నందమూరు నందమూరి అయింది, చెరుకూరు చెరుకూరి అయింది, గుడిపాడు గుడిపాటి అయింది. ఫలానా ఊరి వాళ్లు అన్న మాటలోంచి ‘వాళ్లు’ రాలిపోయి, ‘ఊరి’ మిగిలింది. విన్చి అనే ఊరి నుంచి వచ్చిన లియొనార్డోను ఇటలీలో ‘ద విన్చి’ అన్నదీ ఇదే పద్ధతిలో. ఇలా మిగిలిన పేర్లు ఎంత పాతకాలానికి తీసుకుపోతాయో ఘంటసాలను చూస్తే తెలుస్తుంది. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. ఘంటసాల ఊరు అక్కడికి దక్షిణాన, సముద్రం వైపు ఉంది. బౌద్ధ స్తూపం బయటపడిన ఆ ఊరే రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ రచయిత టాలమీ పేర్కొన్న కొంటకొస్సుల అనే రేవు అని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనంలో అది కంటకసేల. రోమన్ ఓడలు తూర్పుతీరానికి వచ్చిన రోజులనాటి రేవు పేరును మనం రోజూ రేడియోలో, పెళ్లిపందిట్లో ఒక గాయకుడి పేరుగా పలికాం. గట్టు మీది రాళ్లకంటే మనుషుల నోళ్లే ఆ పేరును ఎక్కువ భద్రంగా మోశాయి.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్లవి కావు కదా అంటారు. నిజమే. అక్కినేనిలోని ‘నేని’ నాయుడు అన్న మాట నుంచి వచ్చింది. అక్కడ గుర్తు పెట్టుకున్నది ఒక పూర్వీకుణ్ణి. పోలాప్రగడ, మంత్రిప్రగడ వంటి పేర్ల చివర ఉన్నది మంత్రి అనే అర్థమున్న ప్రెగ్గడ. భాగవతుల వారిది ఆటపాటల వృత్తి. ఇటలీలోనూ ఫెరారీ అంటే కమ్మరి ఇంటివారే. ఈ పేర్లు వలసను చెప్పవు. కానీ నా వాదన ఊరిపేర్ల గురించి. కృష్ణా డెల్టాలో అవి అడుగడుగునా తగులుతాయి. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉంటే, ఏ ఊరి నుంచి వచ్చారో ఎలా చెప్పడం? పేరొక్కటే చూసి చెప్పలేం. ఆ ఇంటి ఇలవేల్పు ఏ ఊళ్లో ఉందో చూడాలి, పాత దస్తావేజులు చూడాలి, కైఫీయతులనే గ్రామ చరిత్రలు చూడాలి. బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం అలా ఊరూరి చరిత్ర సేకరించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల ఇంటిపేరే చూడండి. కావలి నెల్లూరు జిల్లాలో ఉంటే, వాళ్లది ఏలూరు.

ఇంటిపేరు వినగానే కులం అడిగే అలవాటుకు బెజవాడ అనే పేరు ఒక్కటి చాలు జవాబుగా. 1955–56లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బెజవాడ గోపాలరెడ్డి నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టారు. పాకీపనిని రూపుమాపేందుకు పోరాడి 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. ఒకరు భూస్వాముల ఇంటివారు, మరొకరు తరాలుగా పాకీపనికి కట్టివేయబడిన ఇంటివారు. ఇద్దరి పేర్ల ముందూ ఉన్నది కృష్ణ ఒడ్డునున్న బెజవాడ ఊరే. సమాజం ఎంత దూరంలో నిలబెట్టినా, వాళ్ల పేర్లలో ఊరు ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు కొత్త ఇంటిపేర్లు ఎందుకు పుట్టడం లేదు? వలస ఆగలేదు. డెల్టా రైతులు నిజామాబాదు జిల్లాకూ, తుంగభద్ర ఆయకట్టులోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకూ వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు. అక్కడి పిల్లలెవరూ క్యాంపు పేరును ఇంటిపేరుగా పెట్టుకోలేదు. అప్పటికే పట్టాల్లో, బడి రిజిస్టర్లలో, ఆ తర్వాత పాస్‌పోర్టుల్లో పాత పేరు సిరాతో గట్టిపడిపోయింది. 1563లో ట్రెంట్ మహాసభ చర్చిల్లో జ్ఞానస్నానాల రిజిస్టర్లు తప్పనిసరి చేశాక ఇటలీలో ఇంటిపేర్లు స్థిరపడటానికి తోడ్పడిందీ కాగితమే. పలకరింపులో పుట్టిన పేరు కాగితం మీదికి ఎక్కితే కదలదు. మన ఇటీవలి వలసలకు ఇక ఇంటిపేరు సాక్ష్యం చెప్పదు. ఆ పని మనమే చేయాలి.

అందుకే చదువరులకు ఒక్క మనవి. మీ ఇంట్లో పాత దస్తావేజులు, కర్మకాండల పుస్తకాలు, శుభలేఖలు ఉంటే పారేయకండి. ఇలవేల్పు ఏ ఊళ్లో ఉందో, మీవాళ్లు ఎప్పుడు ఎందుకు కదిలారో పెద్దలను అడిగి, తేదీతో సహా రాసి పెట్టండి.