మెరిట్ ఎవరికి, మెస్ బిల్లు ఎవరికి

విజయవాడలో ఫాదర్ల కాలేజీలోనో సిస్టర్ల కాలేజీలోనో డిగ్రీ సీటు వచ్చిందంటే నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారామపురం వైపు ఇళ్లలో ఇప్పటికీ అదొక గౌరవమే. వెంటనే వచ్చే ప్రశ్న, ఫీజెంత? పిల్లకు మార్కులు బాగా వచ్చి ఉంటే ఇంకో ప్రశ్న, మెరిట్ స్కాలర్‌షిప్ ఏమన్నా ఇస్తారా? రెండూ అడగాల్సినవే. కానీ అసలు ఖర్చు ఈ రెండింటి జవాబుల్లోనూ కనపడదు. దూరం నుంచి వచ్చి చదివే పిల్లల మొత్తం ఖర్చులో ఫీజు చిన్న వాటా. అందే సాయంలో మెరిట్ స్కాలర్‌షిప్ ఇంకా చిన్న వాటా. పైగా మార్కుల్ని చూసి ఇచ్చే డబ్బు, ఎక్కువ అవసరమున్న వాళ్ల పక్క నుంచే వెళ్లిపోయి అంతగా అవసరం లేనివాళ్ల చేతిలో పడుతుంది. పేదలకు చదువు అందించడమే తమ ఆశయమని చెప్పుకునే క్యాథలిక్ కాలేజీలు తమ చేతిలో ఉన్న కొద్దిపాటి సాయాన్నయినా మార్కుల పట్టిక మీద నుంచి తీసి మెస్ బిల్లు మీద పెట్టాలన్నది నా వాదన.

ఈ కాలేజీల్లో ఒకప్పుడు ఫీజు ఎందుకు తక్కువ ఉండేది, ఇప్పుడెందుకు పెరిగింది అన్నది ముందు చూడాలి. విజయవాడలోని ఆంధ్ర లయోలా కాలేజీని జెస్యూట్ ఫాదర్లు 1953 డిసెంబరులో, అంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండు మూడు నెలలకే స్థాపించారు. ఏలూరు సెయింట్ థెరిసా కాలేజీదీ ఆ ఏడాదే. విశాఖపట్నంలో సెయింట్ జోసెఫ్స్ 1958లో, విజయవాడ మారిస్ స్టెల్లా 1962లో, తెనాలి జె.ఎం.జె. 1963లో వచ్చాయి. వీటిని నిలబెట్టినవి రెండు. ఒకటి ఎయిడెడ్ పోస్టులు. కాలేజీ సంఘానిది, లెక్చరర్ జీతం ప్రభుత్వానిది. రెండోది ఆ ఫాదర్లూ సిస్టర్లూ. పాఠం చెప్పే సిస్టరుకు వచ్చిన జీతం ఆమె ఇంటికి వెళ్లదు, మఠానికి చేరుతుంది. అందులో కొంత తిరిగి విద్యకే ఖర్చవుతుంది. ఈ రెండూ సన్నగిల్లాయి. రిటైరైన ఎయిడెడ్ లెక్చరర్ల స్థానాలు చాలాచోట్ల భర్తీ కాలేదు, ఆ పాఠాలు చెప్పేవాళ్లకు కాలేజీయే జీతమివ్వాలి. కంప్యూటర్ కోర్సుల్లాంటి కొత్తవి మొదటి నుంచీ సెల్ఫ్ ఫైనాన్స్ కిందే నడిచాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను గ్రాంటు, సిబ్బంది, కావాలంటే ఆస్తులతో సహా అప్పగించమని అడిగింది. విద్యార్థులూ తల్లిదండ్రులూ రోడ్డెక్కాక ఆ ఏడాది నవంబరులో, ఒప్పుకున్న సంస్థలు వెనక్కి తగ్గే వీలు కల్పించింది. గ్రాంటు పోతే ఆ జీతాల భారం ఎవరి మీద పడుతుందో ఆ పిల్లలు సరిగ్గానే లెక్కేసుకున్నారు.

కాబట్టి ఫీజు పెరగడాన్ని దోపిడీ అని ఒక్క మాటతో కొట్టిపారేయలేం. అలాగని ప్రాస్పెక్టస్‌లో అచ్చయిన అంకె చూసి నిశ్చింతగానూ ఉండలేం. ఆ రసీదును దగ్గర పెట్టుకుని చదివితే ట్యూషన్ ఫీజు ఒక్క వరసే. దాని కింద స్పెషల్ ఫీజు, అడ్మిషన్ ఫీజు, ల్యాబ్, లైబ్రరీ, యూనివర్సిటీ రికగ్నిషన్, కాషన్ డిపాజిట్ లాంటివి ఉంటాయి. అటానమస్ కాలేజీ అయితే ప్రతి సెమిస్టరుకూ పరీక్ష ఫీజు వేరు. హాస్టలు కాగితం ఇంకొకటి. అందులో గది అద్దె ముందే తెలుస్తుంది, మెస్ మాత్రం చాలాచోట్ల డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చును తిన్నవాళ్ల మధ్య పంచుతారు, కూరగాయల ధర పెరిగితే బిల్లూ పెరుగుతుంది. సీతారామపురం నుంచి విజయవాడ సుమారు 300 కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడం అన్న మాటే లేదు. నెల్లూరే వంద కిలోమీటర్లు దాటి ఉంది, అక్కడ చదివినా హాస్టలు తప్పదు. విజయవాడ పటమటలో ఇల్లున్న పిల్లకూ వెలిగొండ కొండల కింది పల్లె పిల్లకూ కాలేజీ ఫీజు ఒకటే, ఖర్చు మాత్రం రెండింతలో మూడింతలో తేడా.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఏ ఒక్క కాలేజీవీ కావు, లెక్క నడిచే తీరు చూపించడానికే. కాలేజీకి కట్టేవన్నీ ఏడాదికి 30,000, హాస్టలూ మెస్సూ 70,000, పుస్తకాలూ బట్టలూ సెలవలకు బస్సు చార్జీలూ 15,000 అనుకుందాం. మొత్తం 1,15,000. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద 20,000 వచ్చింది. హాస్టలు సాయంగా 2020లో మొదలైన వసతి దీవెన డిగ్రీకి కట్టిన లెక్కన ఇంకో 20,000 వచ్చింది. కాలేజీ మెరిట్ బహుమతి 5,000. అన్నీ సకాలంలో చేతికందాయనుకున్నా ఇంట్లోంచి పోయేది 70,000, మూడేళ్లకు 2,10,000. నాలుగో ఏడు ఆనర్స్ చదవాలంటే అది వేరే. మెరిట్ బహుమతిని రెట్టింపు చేసినా ఏడాదికి తగ్గేది మరో 5,000. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఇంటికి, మెట్ట మీద వాన కోసం చూసే ఇంటికి భారమయ్యేది ఫీజు కాదు, నెలనెలా వచ్చే మెస్ బిల్లు.

ప్రభుత్వం ఇస్తోంది కదా అనేవాళ్లకు ఆ సాయంలోని మెలికలు గుర్తు చేయాలి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో మొదటి డిగ్రీ పట్టా వచ్చేది కాదు, అందులో సందేహం లేదు. కానీ అది ప్రభుత్వం నిర్ణయించిన ఫీజు వరకే. ఈ సాయమే తర్వాత విద్యా దీవెన పేరుతో నడిచినప్పుడు, కుటుంబ ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి అన్నవి నిబంధనలు. యాజమాన్య కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే అది వర్తించదు. కౌంటర్ దగ్గర తొందరలో సంతకం పెట్టేటప్పుడు, సీటు ఏ కోటా కిందిదని అడగకపోతే మూడేళ్ల సాయం పోయినట్టే. 2021 నుంచి డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీల ఖాతాలకే అన్నారు. దారి ఏదైనా బకాయిలు తప్పలేదు, అవి పేరుకున్నప్పుడల్లా హాల్ టికెట్టు దగ్గరో టీసీ దగ్గరో ఒత్తిడి పడేది పిల్లల మీదే. ఇంకో సంగతి, ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సి కింద వస్తాయి. ధ్రువపత్రంలో ఉన్న వర్గానికీ దరఖాస్తులో రాసిన వర్గానికీ పొంతన లేకపోతే సాయం అక్కడే ఆగిపోతుంది.

ఇక మెరిట్ దగ్గరికి వద్దాం. ఇంటర్ బోర్డు పరీక్షలో పై 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12,000. అయితే ఇంకో స్కాలర్‌షిప్పో ఫీజు రీయింబర్స్‌మెంటో తీసుకునేవాళ్లు దీనికి అర్హులు కారు. పై లెక్కలోని పిల్ల 40,000 వదులుకుని 12,000 తీసుకోవాలన్నమాట. రీయింబర్స్‌మెంట్ గీత దాటి, 4.5 లక్షల లోపు ఉన్న చిరుద్యోగి ఇంటికి ఇది పనికొస్తుంది, కూలి ఇంటికి కాదు. నిజంగా ఖర్చు మోయగల మెరిట్ సాయం కేంద్ర ప్రభుత్వానిదే అయిన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్. అది ఏడాదికి 80,000, అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకు. కానీ అది బోర్డులో పై ఒక్క శాతంలో ఉండి మౌలిక శాస్త్రాలు చదివేవాళ్లకు. ఆ ఒక్క శాతంలో చేరడానికి ఇంటర్ రెండేళ్లూ లక్షలు పోసినవాళ్లెందరో నెల్లూరు, గుంటూరు కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు చూస్తేనే తెలుస్తుంది. కాలేజీలు తమంతట తామిచ్చే బహుమతుల్లో ఎక్కువ భాగం స్మారక నిధులు. ఎవరో పాత విద్యార్థి తండ్రి పేరిట 25,000 డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 1,750. యాన్యువల్ డే నాడు వేదిక మీద కవరు ఘనంగానే అందుతుంది, దానితో నెల మెస్ బిల్లు కూడా తీరదు.

మార్కుల పేరిట సాయం పైవాళ్లకే చేరుతుందన్నది నా ఊహ కాదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల సీట్లను రెండుగా విడదీసింది. ర్యాంకు వచ్చినవాళ్లకు తక్కువ ఫీజు ‘ఫ్రీ’ సీటు, మిగతావాళ్లకు ఎక్కువ ఫీజు సీటు, వీళ్లిచ్చేదానితో వాళ్ల చదువు. వినడానికి న్యాయంగానే ఉంది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేస్తూ, అది తలకిందులైన తీరును ఎత్తి చూపింది. ప్రైవేటు స్కూళ్లలో చదివిన కలిగినింటి పిల్లలే ర్యాంకులతో ఫ్రీ సీట్లు దక్కించుకుంటున్నారు, లేనింటి పిల్లలు డబ్బు కట్టే సీట్లలో మిగులుతున్నారు అని. అంటే పేదవాడు కలవాడి చదువుకు చందా ఇచ్చాడు. వ్యవహారం ఇంజినీరింగ్, మెడిసిన్‌లది. కానీ మార్కుకు డబ్బు కట్టే ప్రతి పద్ధతిలోనూ ఇదే వాలు ఉంటుంది.

ఈ వాలుకు అమెరికాలో ఇంకో రూపం ఉంది. అక్కడి క్యాథలిక్ కాలేజీలకూ సిస్టర్ల శ్రమే ఒకప్పుడు ఆధారం. 1965లో దేశంలో సుమారు 1,80,000 మంది సిస్టర్లుండేవారు, ఇప్పుడు 40,000 లోపే. జీతాల ఖర్చు పెరిగింది, అచ్చేసిన ఫీజు ఆకాశానికి పోయింది, దాని మీద ‘మెరిట్ స్కాలర్‌షిప్’ పేరుతో తగ్గింపు మొదలైంది. ప్రైవేటు కాలేజీల్లో తొలి ఏడాది డిగ్రీ విద్యార్థులకు ఈ తగ్గింపు సగటున సగానికి పైనే ఉంటోంది. ఆషాఢంలో బట్టల కొట్టువాడు రేటు పెంచి సగానికిస్తానన్నట్టే. అందుకే 2011 అక్టోబరు నుంచి అక్కడి చట్టం ప్రభుత్వ విద్యార్థి సాయం అందే ప్రతి కాలేజీనీ, సాయం పోను కట్టాల్సింది ఎంతో చెప్పే లెక్క యంత్రాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టమంది. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ, చికాగో దగ్గరి లూయిస్ యూనివర్సిటీ లాంటి క్యాథలిక్ సంస్థల నుంచి ఎం.ఎస్.కు ‘స్కాలర్‌షిప్’ ఉత్తరం వచ్చిందని సంబరపడే మన ఇళ్లు గమనించాల్సింది, ఆ యంత్రం డిగ్రీలో చేరే అక్కడి పిల్లల కోసమని. మనవాళ్లు తీసివేత తామే చేసుకోవాలి.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో గట్టిది, ప్రతిభకు గుర్తింపు లేకపోతే కాలేజీ స్థాయి పడిపోతుందన్నది. గుర్తింపు ఉండాల్సిందే. పతకం ఇవ్వండి, బోర్డు మీద పేరు రాయండి, ల్యాబులో ప్రాజెక్టు ఇవ్వండి. 5,000 రూపాయల కవరు చూసి ఇంజినీరింగ్ మానుకుని బీఎస్సీకి వచ్చే టాపర్ ఎవరూ ఉండరు. అదే 5,000 నెల మెస్ బిల్లు కట్టలేక దసరా సెలవల తర్వాత తిరిగి రాని పిల్లను నిలబెట్టగలదు. రెండో అభ్యంతరం, పేదరికాన్ని ఎలా కొలుస్తారు, ఆదాయ ధ్రువపత్రాలు ఎలా పుడతాయో తెలియదా అన్నది. తెలుసు. కానీ కొలతకు ఆదాయ పత్రం ఒక్కటే దిక్కు కాదు. 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల పదో తరగతి గ్రేడు పాయింట్లకు 0.4 కలిపి ర్యాంకులు వేశాయి. బడి ఏదో దాచలేరు, తహసీల్దారు సంతకం అక్కర్లేదు. అదే మాదిరిగా ఉదయగిరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెచ్చుకున్న 850 మార్కులనూ కార్పొరేట్ హాస్టల్లో తెచ్చుకున్న 950నీ ఒకే బరిలో నిలబెట్టడం ప్రతిభను కొలవడం కాదు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. మొదటి సెమిస్టరులో తెలుగు మీడియం పిల్ల తడబడితే, ఇన్ని శాతం వస్తేనే కొనసాగిస్తామన్న షరతుతో చేతికొచ్చిన మెరిట్ కూడా అక్కడే జారిపోతుంది. మొదటి ఏడాదికి ఆ షరతు ఎత్తేస్తే కాలేజీకి పోయేదేమీ లేదు.

మిషనరీలకు విదేశీ డబ్బు వస్తుంది, ఉచితంగానే చెప్పొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక ఆ డబ్బు ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖ ద్వారానే రావాలి, ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మార్చడానికి లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. దాన్ని నమ్ముకుని నెలనెలా లెక్చరర్ల జీతాలు నడిపే కాలేజీ ఉండదు. సాయం క్రైస్తవులకేనేమో అన్న అనుమానం మాత్రం అడిగి తీర్చుకోవాలి. కొన్ని నిధులు దాత కోరిక ప్రకారం సంఘం పిల్లలకే ఉంటాయి, తక్కినవి అందరివీ.

కాబట్టి కాలేజీలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రాస్పెక్టస్‌లో ఫీజు పక్కనే నిరుటి సగటు మెస్ బిల్లు, సాయం పోను హాస్టలు విద్యార్థి మూడేళ్లకు కట్టింది ఎంతో అచ్చు వేయాలి. స్మారక నిధులను దాతల కుటుంబాల అనుమతితో ఒక్కచోట చేర్చాలి. 1,750 చొప్పున నలభై కవర్లంటే ఏడాదికి 70,000. పై లెక్కలో సీతారామపురం పిల్ల ఇంటి మీద పడిన 70,000 సరిగ్గా అంతే.