బారెడు దూరంలో బజారు

రీలు కెమెరాతో వీధి ఫొటోలు తీయాలంటే ఏ లెన్స్ కొనాలి, ఏ కెమెరా పట్టాలి? ఉయ్యూరు సెంటర్లో నిలబడి ఆలోచిస్తే పుస్తకాల్లో దొరకని జవాబు దొరుకుతుంది.

ఉయ్యూరు సెంటర్లో మెడలో కెమెరా వేసుకుని నిలబడితే నిమిషం తిరక్కుండా ఎవరో ఒకరు పలకరిస్తారు. “ఏం బాబూ, పేపరోళ్లా?” అంటాడు టీ బండి దగ్గర పెద్దాయన. “యూట్యూబా అన్నా?” అంటాడు ఆటో కుర్రాడు. మీది ఏ ఊరో, ఎవరి తాలూకో తేలేలోపు మీరు తీద్దామనుకున్న మనుషులు కాస్తా చొక్కా సర్దుకుని, జుట్టు దువ్వుకుని, మీకేసి తిరిగి నిలబడిపోతారు.

వీధి ఫొటోగ్రఫీ పుస్తకాలు దాదాపు అన్నీ మహానగరాలను మనసులో పెట్టుకుని రాసినవే. హెన్రీ కార్టియర్ బ్రెసన్ తన లైకా కెమెరా తళతళలు కనపడకుండా నల్ల టేపు అంటించుకుని, 50 మి.మీ. లెన్స్‌తో జనంలో కలిసిపోయేవాడు. న్యూయార్క్‌లో గ్యారీ వినోగ్రాండ్ 28 మి.మీ. లెన్స్ పట్టుకుని ఎదురొచ్చేవాళ్ల ముఖాల మీదికే వెళ్లేవాడు. అక్కడ ఎవరికి ఎవరూ ఏమీ కారు కాబట్టి చెల్లింది. బెజవాడ దాటి బందరు రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు వచ్చాక ఈ రెండు పద్ధతులూ పారవు. కొత్త ముఖం కనిపిస్తే వివరం కనుక్కోవడం ఇక్కడ మర్యాదలో భాగం. నల్ల టేపు చుట్ట మొత్తం అంటించినా మిమ్మల్ని దాచలేదు. ఆ సంగతి ఒప్పేసుకుంటే లెన్స్ ఎంచుకోవడం సగం సులువైపోతుంది.

ముందుగా పక్కన పెట్టాల్సినవి పొడుగు లెన్సులు. 135, 200 మి.మీ. లెన్స్‌తో రోడ్డు అవతలి నుంచి లాగి తీస్తే ముఖం పెద్దగా పడుతుంది, ఊరు మాయమైపోతుంది. పైగా అంత దూరం నుంచి గురిపెట్టేవాణ్ణి ఏ ఊళ్లోనూ మంచివాడనుకోరు. పుల్లేరు కాలవ రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ల వైపు అలాంటిది తిప్పి నాలుగు తగిలించుకుంటే తప్పు వాళ్లది కాదు. సాల్ లీటర్ పొడుగు లెన్స్‌తోనే న్యూయార్క్ వీధుల్ని, తడిసిన అద్దాల వెనక రంగుల్ని అపురూపంగా తీశాడన్న మాట నిజమే. ఆయనకు కావలసింది రంగు. మనకు కావలసింది బజారు.

మూడు మీటర్లకు మూడు మీటర్లు

మిగిలినవి 28, 35, 50. ఈ మూడింటి తేడా కెమెరా పట్టకుండానే కాగితం మీద తేల్చుకోవచ్చు. మామూలు రీలు మీద ఒక్కో ఫొటో 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. అందువల్ల 35 లెన్స్‌తో మీరు ఎంత దూరంలో నిలబడితే ఇంచుమించు అంత వెడల్పే ఫొటోలో పడుతుంది. మూడు మీటర్ల దూరానికి మూడు మీటర్లు, ఐదుకు ఐదు. కెమెరా కంటి దాకా ఎత్తకముందే ఏది పడుతుందో, ఏది తెగిపోతుందో తెలిసిపోతుంది. అదే మూడు మీటర్లకు 50 లెన్స్ రెండు మీటర్ల పైచిలుకే చూస్తుంది. 28 లెన్స్ నాలుగు మీటర్లకు కాస్త తక్కువ చూస్తుంది.

సాయంత్రం పునుగుల బండి ముందు ఈ లెక్క వేసి చూడండి. 50తో మూకుడు, చట్రం, వేయించే మనిషి వస్తారు. 35తో వాళ్లతోపాటు పొట్లం కోసం చెయ్యి చాపిన పిల్లాడు, వాడి వెనక చిల్లర లెక్కపెడుతున్న తల్లి కూడా వస్తారు. 28 పెడితే పక్క బండి సగం, ఎవరిదో బైకు హ్యాండిలు, కరెంటు స్తంభం కూడా దూరతాయి. వాటన్నిటినీ ఒక పద్ధతిలో కూర్చగల చెయ్యి కొందరికే ఉంటుంది. కొత్తవాళ్లకు 28 ఇస్తే ఫొటోలో సగం తారురోడ్డే ఉంటుంది.

వెడల్పు తర్వాత చూడాల్సింది లోతు. అంటే ఎంత దగ్గర నుంచి ఎంత దూరం దాకా స్పష్టంగా పడుతుందన్నది. పాత లెన్సుల మీద ఒక రింగుపై దూరాలు, దాని పక్కన ఎపర్చర్ (లెన్స్ లోపల తెరుచుకునే రంధ్రం) అంకెలకు జత గీతలు చెక్కి ఉంటాయి. 35 లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర, మూడు మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే సుమారు 1.9 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. మన కొలతలో చెప్పాలంటే ఒక బార నుంచి నాలుగు బారల దాకా. రెండు చేతులూ చాపితే ఎంత దూరమో అందరికీ తెలుసు కాబట్టి మీటర్లకన్నా బారల లెక్కే వీధిలో తొందరగా వంటబడుతుంది. 50 లెన్స్‌కు అదే అమరికలో 2.3 నుంచి 4.2 మీటర్లే దక్కుతుంది, బండి చక్రం ఒక్క తిప్పు తిరిగితే మనిషి మసకబారిపోతాడు. 28 లెన్స్‌కు మీటరున్నర దాటిన దగ్గర్నుంచి ముప్పై మీటర్ల పైదాకా ఢోకా లేదు.

“ఏ ఊరు బాబూ?” అని అడిగే పెద్దాయన ఎంత దూరంలో నిలబడతాడు? బార, బారన్నర. 35 లెన్స్‌కు స్పష్టత మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఫోకస్ రింగు జోలికి పోకుండా ఆయనతో ఊరి సంగతులు మాట్లాడుతూ, ఆయనకు మీ మీద ఆసక్తి పోయి మళ్లీ టీ గ్లాసు అందుకునే క్షణంలో మీట నొక్కవచ్చు. ఉయ్యూరు లాంటి ఊరికి ఒకే లెన్స్ చెప్పమంటే 35 చెప్పేది ఇందుకే. 40 అయినా పరవాలేదు. 50 ఒక్కటే ఉంటే దానితోనే మొదలుపెట్టండి, కాకపోతే నాలుగడుగులు వెనక్కి వెయ్యడానికి చోటుండాలి. బజార్లో అది ఉండదు.

వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెను, బతుకమ్మను ఏళ్ల తరబడి తీసి 2022లో కన్నుమూశారు. ఆయన బతుకమ్మ ఫొటోలు చూస్తుంటే ఏ లెన్స్ వాడి ఉంటారన్న ఆలోచనే రాదు. తీసినవాడు ఆ ఆడవాళ్లకు తెలిసిన మనిషేనని మాత్రం అనిపిస్తుంది.

బీరువాలో ఉన్నదే ముందు

ఇక కెమెరా. లైకా పేరు అందరి నోటా ఉంటుంది. ఆస్కార్ బర్నాక్ సినిమా ఫిల్మునే చిన్న పెట్టెలో పెట్టి ఫొటోలకు వాడితే ఎలా ఉంటుందని తయారుచేసిన ఆ కెమెరా 1925లో బజారుకొచ్చింది. సినిమా బొమ్మలు రెండు కలిపితే ఒక ఫొటో. బెజవాడ గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల నుంచి డబ్బాల్లో ఊళ్ల హాళ్లకు చేరిన సినిమా రీలుదీ, కెమెరాలో వేసే రీలుదీ ఒకటే వెడల్పు. లైకా ఎం6 గొప్ప కెమెరా, కాదనేదేమీ లేదు. లెన్స్‌తో కలిపితే లక్షలు. దాని షట్టర్ చప్పుడే వినపడదని మురిసిపోతుంటారు. ఉయ్యూరు సెంటర్లో బందరు బస్సు హారన్ కొట్టాక ఏ షట్టరైనా ఒకటే.

కృష్ణా జిల్లాలో చాలా ఇళ్ల బీరువాల్లో తాతగారి యాషికానో, అమెరికా నుంచి బావగారు తెచ్చిన నికానో, మినోల్టానో ఇంకా ఉంటుంది. ముందు దాన్ని బయటికి తీయండి. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35కు 45 మి.మీ. ఎఫ్/1.7 లెన్స్ బిగించే ఉంటుంది, షట్టర్ మెత్తగా పడుతుంది. దానికి సరిపడే పాత పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. చిన్న అడాప్టర్ వేసి ఆరు వోల్టుల బ్యాటరీ పెట్టుకోవాలి. బ్యాటరీ లేకపోతే అన్ని ఫొటోలూ 1/500 వేగంతోనే పడతాయి. ఎపర్చర్ మనం పెడితే వేగం అదే చూసుకుంటుంది కాబట్టి వెలుతురు లెక్కలు నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇది అంత మంచి గురువు కాదు.

ఆ పాఠం నేర్పేది 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000. వెలుతురు కొలిచే మీటరుకు తప్ప దేనికీ బ్యాటరీ అక్కర్లేదు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2 కూడా అంతే, ఇంకా గట్టిది, ఖరీదూ ఎక్కువే. ఈ రెండింటిలో దేనికైనా 35 మి.మీ. పాత లెన్స్ ఒకటి వెతికి బిగిస్తే మరో పదేళ్లు ఇంకేమీ కొననక్కర్లేదు. జేబులో పట్టేది కావాలంటే 1979 నాటి ఒలింపస్ ఎక్స్‌ఏ ఉంది. దానిదీ 35 లెన్సే, కాకపోతే బ్యాటరీ అయిపోతే చేతులెత్తేస్తుంది. కొత్తదే కావాలనుకునేవాళ్ల కోసం 2024లో పెంటాక్స్ 17 వచ్చింది. 36 ఫొటోల రీలు మీద సగం సైజులో 72 తీస్తుంది, దూరాన్ని అంచనా వేసి బొమ్మ గుర్తుల మీద తిప్పుకోవాలి. పైన చెప్పిన బారల లెక్క దానికి అచ్చంగా సరిపోతుంది.

స్టూడియోల్లో పెళ్లిళ్లకు వాడిన యాషికా మ్యాట్ లాంటి రెండు కళ్ల కెమెరా దొరికితే వదలకండి. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి గాజు పలకలోకి చూడాలి. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ ఇలాంటి కెమెరాతోనే ఎవరికీ చెప్పకుండా వేల ఫొటోలు తీసింది. తల వంచుకున్న మనిషి తమను గుచ్చి చూస్తున్నట్టు జనానికి అనిపించదు. ఆ గాజులో కుడి ఎడమలు తారుమారవుతాయి, బెజవాడ వెళ్లే ఆటో బందరు వైపు పోతున్నట్టు కనిపిస్తుంది. రీలుకు పన్నెండే ఫొటోలు. చుట్టూ మూగిన పిల్లలు అందులోకి తొంగిచూస్తామంటారు, చూపించాల్సిందే.

ఎండ, చెమ్మ, ఐసు ముక్కలు

రంగుల రీలు ఒకటి ఇప్పుడు సుమారు వెయ్యి రూపాయలు. కడిగించి స్కాన్ చేయించడానికి మరికొన్ని వందలు. ఫొటోకు నలభై రూపాయల దాకా పడుతుంది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ రీళ్ల రోజులు పోయాయి, ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ భారతదేశపు రంగుల్ని పట్టిన కొడాక్రోమ్ రీలు 2009లో ఆగిపోయింది. ఉన్నవాటిలో వీధికి 400 వేగం రీలు వేసుకోండి. నలుపు తెలుపుకు ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లేదా కెంట్‌మియర్ 400, రంగులకు కొడాక్ అల్ట్రామాక్స్ 400. నిండు ఎండలో ఈ రీలుకు ఎఫ్/16, 1/500. అరుగు నీడలోకి వస్తే ఎఫ్/8, 1/125. ఈ రెండూ నోటికొస్తే మీటరు పనిచెయ్యకపోయినా పగలంతా గడిచిపోతుంది.

డెల్టాలో కెమెరాకు అసలు శత్రువు చెమ్మ. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేసిన లెన్స్ లోపల సాలీడు గూడులా బూజు అల్లుకుంటుంది. పాత లెన్స్ కొనేటప్పుడు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడనిదే డబ్బివ్వకండి. వెనక తలుపు అంచుల్లో నురుగు జిగురుగా కరిగిపోయి ఉంటే మార్పించాలి, లేకపోతే వెలుతురు దూరి రీలు పాడవుతుంది. ఇంట్లో గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు. మే నెలలో రీళ్లను స్కూటర్ డిక్కీలో వదిలెయ్యడం, డబ్బు కాలవలో పారెయ్యడం రెండూ ఒకటే.

నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. ఎండాకాలం మేడ మీద ట్యాంకు నీళ్లలో చెయ్యే పెట్టలేం. బకెట్లో ఐసు ముక్కలు వేసి, డెవలపర్ సీసాను అందులో నిలబెట్టి చల్లార్చుకోక తప్పదు. సీసాలో థర్మామీటరు పెట్టి చూసుకోండి, చేత్తో తాకి అంచనా వేస్తే నెగెటివ్ నల్లబడిపోతుంది.

వీరమ్మతల్లి తిరునాళ్లకు

ఉయ్యూరులో ఫొటోకు అన్నిటికన్నా మంచి రోజులు మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్లు. పదిహేను రోజులు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. గండదీపాలు, శిడిబండి, గాజుల కొట్లు, రంగుల రాట్నాలు. ఆ తోపులాటలో మూడు మీటర్లు దొరకవు. 28 లెన్స్ పనికొచ్చేది ఇక్కడే. రాత్రి సీరియల్ లైట్ల కింద ఎఫ్/2, 1/60 దగ్గర మొదలుపెట్టండి, చాలకపోతే హెచ్‌పీ5ను 1600గా అనుకుని తీసి, ఎక్కువసేపు కడగాలి. ఫ్లాష్ మాత్రం వద్దు. దీపం వెలుగుకు విలువ పోతుంది, మొక్కు తీర్చుకుంటున్న మనిషికీ ఇబ్బంది. మాయాబజార్‌లో వెన్నెల కాయించిన మార్కస్ బార్ట్లీ కూడా సినిమాల్లోకి రాకముందు పత్రికా ఫొటోగ్రాఫరే. ఉన్న వెలుగుతో సర్దుకోవడం ఆ వృత్తిలో మొదటి పాఠం.

ఫొటో తీశాక “మాకిస్తావా బాబూ?” అని అడుగుతారు. ఇస్తానన్నాక ప్రింటు వేయించి పట్టుకెళ్లండి. అలా వెళ్లి ఇచ్చి వచ్చినవాణ్ణి ఆ వీధి మళ్లీ ‘ఎవరు నువ్వు’ అని అడగదు. అది ఏ లెన్సూ చెయ్యలేని పని. వద్దన్నవాళ్లను తీయకండి.

ఈసారి తిరునాళ్లకు వెళ్లాలనుకుంటే సంక్రాంతికే రీళ్లు తెప్పించుకోండి. వాటిలో ఒకటి కాలవగట్టు మీద, బజార్లో ఖర్చుచేసి కడిగించి చూడండి. షట్టర్ నిదానిస్తోందో, వెలుతురు దూరుతోందో, మీ బార అంచనా ఎంత తప్పుతోందో ఆ ఒక్క రీలులోనే తెలుస్తుంది. బాగు చేయించుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.