విరగరాదు, చెమ్మగిల్లరాదు

పగిలే వస్తువు అనగానే గాజు గ్లాసులు, పింగాణీ పళ్ళేలు మన కళ్ళముందు మెదులుతాయి. కాని గుంటూరు, ప్రకాశం మైదానాల నుంచి ఏటా బయటి ఊళ్ళకు తరలిపోయే సరుకులలో ఎండుమిర్చికున్న పెళుసుదనం తక్కువది కాదు. కల్లంలో బాగా ఎండిన కాయను మిట్టమధ్యాహ్నం గుప్పిట పట్టి చూడండి, పెళపెళమని విరుగుతుంది. విరిగిన కాయ నుంచి గింజ రాలిపోతుంది, తొక్క పొడి అవుతుంది. నిండుకాయకు పలికే ధర ముక్కకు పలకదు. మా మదర్సాలో చదువుకునే పిల్లలలో చాలామంది మిర్చి పండించే ఇళ్ళవారే గనుక ఈ సంగతులు మాకు గ్రంథాల కంటే ముందు వారి తండ్రుల నోట తెలిశాయి.

గుంటూరు యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. ఒక్కో టిక్కీలో సుమారు 40 నుంచి 45 కిలోల కాయ పడుతుంది. చిక్కంతా దానిని నింపడంలోనే ఉంది. వదులుగా నింపితే లారీ కుదుపులకు కాయలు ఒకదానితో ఒకటి రాసుకుని విరుగుతాయి. గట్టిగా తొక్కి నింపితే తొక్కేటప్పుడే విరుగుతాయి. ఈ ఇరకాటంలో కొందరు ఎంచుకున్న సులువైన మార్గం నీరు చల్లడం. తడి తగిలిన కాయ మెత్తబడి వంగుతుంది, విరగదు. పైపెచ్చు తూకమూ కొంత పెరుగుతుంది. కాని ఆ తడి గోనె లోపల ఎక్కడికి పోతుంది? బస్తా మీద బస్తా వేసిన గిడ్డంగిలో అది బూజుగా మారుతుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మామూలు వంట వేడికి పూర్తిగా నశించదు. మిరపలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు దాటరాదని ఐరోపా దేశాలు హద్దు విధించాయి. ఓడ దిగిన సరుకు ఆ పరీక్షలో తప్పిందంటే నష్టం ఒక్క టిక్కీతో ఆగదు.

దైవప్రవక్త (స) మదీనా అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి చొప్పించినప్పుడు వేళ్ళకు తడి తగిలిన సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. సహీహ్ ముస్లింలో అది నమోదై ఉంది. వానకు తడిసిందని అమ్మకందారుడు చెప్పుకున్నాడు. మరి ఆ తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. అక్కడ తడిపింది వాన. ఇక్కడ తడిపేది మన చేయి. కాయ విరగకుండా కాపాడాలన్న సదుద్దేశం ఉన్నప్పటికీ, కొనేవాడికి చెప్పకుండా లోపల దాచిన తడి ప్యాకింగ్ కాజాలదని మా అభిప్రాయం.

సరైన దారి కొంచెం ఓపికతో కూడినది. తేమ 10 శాతం దరిదాపులకు వచ్చేదాకా ఆరబెట్టాలి. నింపడం ఎండ ముదిరిన వేళ కాకుండా చల్లని పూట పెట్టుకోవాలి. తాలుకాయలను ముందే వేరుచేయాలి. శుభ్రమైన పొడి గోనెలోకి కొద్దికొద్దిగా పోస్తూ సర్దాలి. గిడ్డంగిలో బస్తాలను నేలకూ గోడకూ ఆనించకుండా చెక్కల మీద పేర్చాలి. దించేటప్పుడు కొక్కెం వేసి లాగకుండా చూడాలి.

ఇంటి పార్శిలుకూ ఇవే రెండు శత్రువులు: కదలిక, చెమ్మ. గల్ఫులో ఉన్న కుమారునికి గోంగూర పచ్చడి సీసా, హైదరాబాదులో కొత్త కాపురం పెట్టిన కూతురికి పింగాణీ సామాను పంపే తల్లులు ఎందరో. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఒక్కటే. పెద్ద పెట్టె తీసుకుంటారు, వస్తువు చుట్టూ నాలుగు పాత పేపర్లు వదులుగా పెడతారు, పైన ఎర్ర సిరాతో ‘జాగ్రత్త’ అని రాస్తారు. ఆ రాత లారీ కుదుపును ఆపదు. పార్శిళ్ళు వేల సంఖ్యలో చేతులు మారే చోట మీ పెట్టె ఒక్కసారైనా జారి పడుతుందనే అనుకుని కట్టండి.

ఈ విద్య పాతవారికి బాగా తెలుసు. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర సముద్రగర్భంలో ఒక ఓడ బయటపడింది. అరబ్బుల పద్ధతిలో, పలకలను మేకులు లేకుండా తాళ్ళతో కుట్టి నిర్మించిన ఓడ అది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో, తొమ్మిదవ శతాబ్దిలో, చైనా నుంచి పశ్చిమంగా సరుకు మోసుకొస్తూ మునిగిపోయింది. అందులో దాదాపు 60,000 మట్టి, పింగాణీ పాత్రలు దొరికాయి. గిన్నెలను పెద్ద పెద్ద జాడీలలో చుట్లు చుట్లుగా, కదిలే సందు లేకుండా పేర్చారు. ఓడ మునిగి పదకొండు శతాబ్దాలు గడిచినా వాటిలో ఎన్నో చెక్కుచెదరలేదు.

మనమూ అదే చేయాలి. పళ్ళేలను ఒకదానిపై ఒకటి పడుకోబెట్టక, ఒక్కొక్కదానిని విడిగా చుట్టి అంచు మీద నిలబెట్టాలి. కప్పులోపలి ఖాళీని కూడా కాగితంతో కూరాలి. పెట్టె అడుగునా, నాలుగు వైపులా, పైనా కనీసం మూడు వేళ్ళ మందం మెత్త ఉండాలి. కాగితాన్ని గట్టిగా ఉండలు చుట్టి పెట్టాలి, లేకుంటే దారిలోనే అణిగిపోతుంది. మన ప్రాంతంలో చౌకగా దొరికే దూది కూడా బరువుకు అణిగిపోతుంది, చెమ్మను పీలుస్తుంది. తేలికపాటి అత్తరు సీసాకు అది చాలు, పచ్చడి జాడీకి చాలదు. ఎండుగడ్డి విదేశాలకు పనికిరాదు, పురుగు వస్తుందన్న భయంతో అనేక దేశాలు దానిని రానివ్వవు. పళ్ళ దుకాణం నుంచి తెచ్చిన మెత్తబడిన అట్టపెట్టె కంటే కొత్త పెట్టెకు పెట్టే కొద్దిపాటి ఖర్చు మేలు. అంతా సర్ది, మూత వేసి, రెండు చేతులతో ఊపి చూడండి. లోపల చిన్న చప్పుడు వినిపించినా మళ్ళీ విప్పవలసిందే.

పచ్చడి సంగతి కొంత వేరు. విమానంలో గాలి పీడనం తగ్గుతుంది, నూనె పైకి ఎగదన్నుతుంది. కాబట్టి సీసాను అంచుదాకా నింపకుండా వేలెడు ఖాళీ వదలాలి. మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, సీసాను రెండు పాలిథీన్ సంచులలో విడివిడిగా కట్టాలి. ఒక సీసా కారినా పక్కనున్న బట్టలు, పుస్తకాలు పాడుకావు.

ఇంత చేసినా నష్టం జరగవచ్చు. అప్పుడది ఎవరిది? ఈ ప్రశ్న మన తీరానికి కొత్తది కాదు. నిన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో ప్రకటించాడు. నేటి వర్తకునికి ఆ అభయం బీమా రూపంలో లభిస్తుంది. అయితే గాజు వస్తువులకు పరిహారం ఇవ్వబోమని కొన్ని కొరియర్ల రసీదుల వెనుక సన్నని అక్షరాలలో ఉంటుంది. పంపకముందే అది చదవాలి. లోపల ఉన్నదేమిటో, దాని విలువెంతో ఉన్నదున్నట్లు రాయించాలి. బరువు ఛార్జీ తగ్గుతుందని పింగాణీని బట్టలని రాయించినవారు తరువాత దేనిని అడగగలరు?

చిరునామా పెట్టె పైనే కాక లోపల కూడా ఒక చీటీపై వేయండి, పై కాగితం చిరిగినా సరుకు దారి తప్పదు. మూసేముందు సర్దిన తీరును ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. అందుకునేవారికి కూడా ముందే చెప్పండి: పెట్టెను తెచ్చినవాని ఎదుటే విప్పమని, ఏదైనా పగిలి ఉంటే ముక్కలను, పెట్టెను పారవేయకుండా ఫోటోలు తీయమని.