వెట్టి, పట్టా, ముంపు: కొండాపురం సీమలో శ్రమ, ఆస్తి, రాజ్యాధికారం

వ్యాససంగ్రహం:
మనిషి చేసే పనిమీద, మనిషికి ఉన్న భూమిమీద ప్రభుత్వానికి ఎంతవరకు అధికారం ఉన్నది అనే ప్రశ్నను కడప జిల్లా పశ్చిమభాగంలోని శాసన, రెవిన్యూ, ముంపు పరిభాషల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వెట్టి, పన్నస, పట్టా, దరఖాస్తు, నిర్వాసిత కుటుంబం అనే మాటల చరిత్రను అనుసరిస్తూ, గండికోట జలాశయం కింద ఊరు కోల్పోయిన భూమిలేని కూలీల నష్టం ఏ మాట కిందికి వస్తుందో వివరించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: వెట్టి, పన్నస, రైత్వారీ, పట్టా, కుడిమరామత్తు, భూసేకరణ, కొండాపురం, గండికోట.

1. ఉపోద్ఘాతం

రెండేళ్ల కిందట డిగ్రీ తరగతిలో శాసనభాష బోధిస్తూ ‘వెట్టి’ అనే మాట వద్ద ఆగాను. సంస్కృతంలోని ‘విష్టి’ ప్రాకృతం మీదుగా తెలుగులో ‘వెట్టి’ అయిందని, కూలి ఇవ్వకుండా రాజ్యం చేయించుకొనే పని అని అర్థం చెప్పాను. తరగతి ముగిసిన తరువాత కొండాపురం మండలంలోని ఒక ముంపుగ్రామం నుంచి వచ్చిన విద్యార్థిని ఒక మాట అడిగింది. “మాకు సేను లేదు సార్. సేన్లు ఉన్నోళ్లకు సేను పాయె. మా అమ్మోళ్లకు పని పాయె. పని పోయిందాన్ని ఏమనల్ల?” అని. వెట్టి అంటే పనిని బలవంతంగా లాక్కోవడం. ఆమె చెప్పినది పని లేకుండా పోవడం. రెండింటిలోనూ పని ఉన్నది, రాజ్యమూ ఉన్నది. కానీ రెండోదానికి నా దగ్గర మాట లేదు. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే ప్రేరణ.

2. శాసనాలలో భూమి, పని

తెలుగులో లభించిన తొలి శాసనాలు ఈ చుట్టుపక్కలవే. ఎర్రగుంట్ల మండలం కలమళ్ల, కమలాపురం మండలం ఎర్రగుడిపాడు శాసనాలు రేనాటి చోళుల కాలానివి, క్రీ.శ. ఆరో శతాబ్ది నాటివి. ఎర్రగుడిపాడు శాసనంలో కనిపించే ‘పన్నస’ అంటే పన్ను లేకుండా ఇచ్చిన భూమి. తెలుగు లిపిబద్ధమైన తొలినాళ్లలోనే రాయిమీదికి ఎక్కిన వ్యవహారాలలో భూమి ఎవరిది, దానిమీద రాజు ఏమి వదులుకొన్నాడు అన్నది ఒకటి కావడం గమనించదగినది. పన్నస అనే మాటలో భూమి కన్న పన్ను లేకపోవడమే ముఖ్యం. పాలకునికి అందవలసినదాన్ని పాలకుడే విడిచిపెట్టిన మేరకే అక్కడ స్వేచ్ఛ ఉన్నది.

ఇదే సూత్రం పని విషయంలో అత్యంత స్పష్టంగా కనిపించేది విజయనగరకాలపు మంగలి శాసనాలలో. 1540లలో, సదాశివరాయల పేరుమీద అళియ రామరాయలు పాలన సాగిస్తున్నప్పుడు, బాదామికి చెందిన కొండోజు అనే మంగలి పనితనానికి మెచ్చి రామరాయలు మంగళ్లకు పన్నులను, కానుకలను, వెట్టిని మాఫీ చేశాడు. ఆ మాఫీని ప్రకటించే శాసనాలు కన్నడదేశంలోనే కాక రాయలసీమలోని పలు గ్రామాలలోనూ లభించాయి. ఒక వృత్తికులం తన పనిపై రాజ్యానికి ఉన్న హక్కును తొలగించుకొని, ఆ సంగతిని ఊరూరా రాతిమీద చెక్కించుకోవడం చిన్న విషయం కాదు. అయితే దీన్ని హక్కు అనడానికి నేను జంకుతాను. అది అనుగ్రహం. ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడు. పైగా ఆ మాఫీ మంగళ్లకే. చాకలి, మాల, మాదిగల వెట్టి యథాతథంగా సాగింది. రాయలసీమ పల్లెలలో ‘వెట్టి’ అన్నది చివరికి గ్రామసేవకుని ఉద్యోగనామంగానే స్థిరపడింది. తలారి, నీరుగంటి, వెట్టి అని వరుసగా చెప్పేటప్పుడు ఆ మాటలోని బలవంతం ఎవరికీ వినిపించనంతగా అరిగిపోయింది.

3. రైత్వారీ: నాగలికి కట్టిన రైతు

1800 అక్టోబరులో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన ప్రాంతమే దత్తమండలం. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పని చేశాడు. పాళెగాండ్రను అణచి, పొలాలను కొలిపించి, మధ్యవర్తి లేకుండా రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. రాయలసీమలో మన్రోను గురించి భక్తితో చెప్పుకొనేవారు ఈనాటికీ ఉన్నారు. పాఠ్యపుస్తకాలు కూడ రైత్వారీని రైతుకు ఆస్తిహక్కు ఇచ్చిన పద్ధతిగానే బోధిస్తాయి. ఇది సగమే నిజం.

మన్రో తన నివేదికలోనే అంగీకరించిన విషయం ఒకటి ఉన్నది. పంటలో దాదాపు 45 శాతం శిస్తుగా పోతున్నది. ఆ స్థితిలో భూమికి విలువ ఉండదు, రైతుకు స్వేచ్ఛ ఉండదు. పంటలో మూడోవంతుకు శిస్తును దించాలని, అంటే నాలుగోవంతు తగ్గించాలని 1807లో ఆయన ప్రతిపాదించాడు. కంపెనీ వెంటనే ఒప్పుకోలేదు. కొంతకాలం రైత్వారీనే పక్కనపెట్టి గ్రామాలను కౌలుకిచ్చింది. మన్రో గవర్నరుగా తిరిగి వచ్చిన 1820 తరువాతనే రైత్వారీ స్థిరపడింది.

తొలి రైత్వారీలో పట్టా అంటే ఏమిటో 1818లో మద్రాసు రెవిన్యూ బోర్డు స్వయంగా రాసిపెట్టింది. శిస్తు ఎక్కువని అందరికీ తెలిసిన పొలాన్నే రైతుచేత బలవంతంగా దున్నించడం, పారిపోతే వెనక్కు ఈడ్చుకురావడం, పంట చేతికి వచ్చేదాకా చూచి అందినంత పట్టుకుపోవడం, ఎద్దులను, విత్తనాలను మాత్రం మిగల్చడం అన్నవి ఆ బోర్డు వర్ణనలోని అంశాలు. ఎద్దులను, విత్తనాలను విడిచిపెట్టినది దయతో కాదు. మళ్లీ ఏడు కూడ దున్నించుకోవాలి. ఇక్కడ ఆస్తిని, శ్రమను విడదీసి చూడలేము. భూమి రైతు పేర రాసి, ఆ రాతతోనే రైతు పనిని రాజ్యం తనకు కట్టుకొన్నది. మనిషి తన శ్రమను నేలలో కలపడంవల్ల ఆ నేల అతనిదవుతుందని పదిహేడో శతాబ్ది చివర ఇంగ్లండులో జాన్ లాక్ రాశాడు. ఆ దేశపు కంపెనీయే పెన్న ఒడ్డున దాన్ని తిరగవేసింది. నేల నీ పేరన ఉన్నది కనుక నీ శ్రమ మాకు రావాలి అన్నది.

శిస్తు వసూలులో జరిగిన హింసపై మద్రాసు ప్రభుత్వం నియమించిన సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. వేళ్లను కర్రల మధ్య బిగించే ‘కిట్టి’, మెడను కాళ్లకు వంచి కట్టి ఎండలో నిలబెట్టడం వంటివి అందులో నమోదయ్యాయి. ఈ విచారణకు దారి తీసినవారిలో గాజుల లక్ష్మీనరసు చెట్టి ముఖ్యుడు. తెలుగువారి పౌరహక్కుల చరిత్ర రాయదలచినవారు ఆయనతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

4. కట్ట తెగినప్పుడు

రాజ్యం శ్రమను కోరిన ప్రతి సందర్భాన్నీ ఒకే గాటన కట్టడం కూడ సరి కాదు. 1858లో మద్రాసు రాష్ట్రానికి నిర్బంధశ్రమ చట్టం వచ్చింది. చెరువుకట్ట తెగే ప్రమాదం ఉన్నప్పుడు సమీపగ్రామాలలోని శక్తిగల మగకూలీలను పిలిపించే అధికారం దానివల్ల అధికారులకు కలిగింది. ఆ పనికి కూలి ఇవ్వాలి. కుడిమరామత్తు, అంటే ఆయకట్టుదారులు ఆచారం ప్రకారం కలిసి చేసే కాలువల పూడికతీత, కంపకొట్టుడు వంటి పనులకు రానివారు ఆ శ్రమ విలువకు రెట్టింపు చెల్లించాలి.

కట్ట తెగుతున్నప్పుడు ‘నా ఇష్టం’ అనే మాటకు చోటు లేదు. రాజ్యాంగంలోని 23వ అధికరణం కూడ వెట్టిని నిషేధిస్తూనే ప్రజాప్రయోజనానికి నిర్బంధసేవను విధించే వీలును రెండో ఖండంలో మిగిల్చింది, మతం, జాతి, కులం, వర్గం ఆధారంగా వివక్ష చూపరాదన్న నియమంతో. అందువల్ల నిర్బంధం ఉన్నదా లేదా అని మాత్రమే అడిగితే చాలదు. పని ఎవరిది, నీళ్లు ఎవరి మడికి పారుతాయి అని కూడ అడగాలి. కుడిమరామత్తులో ఆయకట్టుదారు తన మడి కోసం తాను పని చేశాడు, లేదా తన బదులు జీతగాణ్ణి పంపాడు. ఆ జీతగానికి మడి లేదు. చట్టం వారిద్దరి మధ్య తేడాను పట్టించుకోలేదు.

5. పట్టాలో రకాలు

స్వాతంత్ర్యానంతరం పట్టా అనే మాటకు ముందు విశేషణాలు చేరాయి. ప్రభుత్వభూమి కోసం పేదలు దరఖాస్తు పెట్టుకొని పొందినది దరఖాస్తు పట్టా, వాడుకలో డి.కె.టి. పట్టా. 1977 నాటి 9వ చట్టం ఈ భూముల అమ్మకాన్ని నిషేధించింది. పేదవాని భూమి మోతుబరి చేతికి పోకుండా కాపాడడం దాని ఉద్దేశం. కానీ అదే భూమిని ప్రభుత్వం తిరిగి తీసుకొనేటప్పుడు ‘ఇది మేమిచ్చినదే కదా’ అనే వాదన చాలాకాలం చెల్లుబాటయింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, అసైన్డ్ భూమికి కూడ సొంతదారునితో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. పన్నస నాటి అనుగ్రహభావం న్యాయస్థానంలో ఓడిన సందర్భంగా దాన్ని నేను చదువుతాను. ఇరవై ఏళ్లు గడచిన అసైన్డ్ భూములపై అమ్మకపు హక్కు కల్పిస్తూ 2023లో చట్టాన్ని సవరించారు. ఇది స్వేచ్ఛను పెంచిందా, చేజారే వేగాన్ని పెంచిందా అన్నది గ్రామస్థాయి పరిశోధనలు తేల్చవలసినది.

ఆస్తిహక్కు 44వ రాజ్యాంగ సవరణతో ప్రాథమికహక్కుల నుంచి తొలగి, 300-ఎ అధికరణంగా మిగిలింది. అయితే ఇటీవలి తీర్పులు దానికి బలం చేకూర్చాయి. 2024 మేలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణంలో నోటీసు, విన్నపం వినడం, న్యాయమైన పరిహారం వంటి ఏడు ఉపహక్కులున్నాయని చెప్పింది. అదే ఏడు నవంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తులన్నీ సమాజపు భౌతికవనరులు కావని మెజారిటీ తీర్పు ఇచ్చింది. పట్టాదారుకు ఇవన్నీ రక్షణలే. పట్టా లేనివారి ప్రస్తావన వీటిలో రాదు.

6. గండికోట ముంపు

గాలేరు–నగరి సుజల స్రవంతిలో భాగంగా పెన్నపై గండికోట వద్ద నిర్మించిన జలాశయం సామర్థ్యం 26.85 టి.ఎం.సి. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా కృష్ణ నీళ్లు ఇక్కడికి చేరుతాయి. ఇక్కడినుంచి ఎత్తిపోతలద్వారా పులివెందుల వైపు వెళ్తాయి. వానమీదనే బ్రతికిన సీమకు ఈ నీళ్ల విలువ తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. చీనీతోటలు ఎండిపోయి, బోర్లకు అప్పులు చేసి నష్టపోయిన రైతు కుటుంబాలు ఈ జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తాయి. ఆ నీళ్లు నిలవడానికి చోటు ఇచ్చినవి మాత్రం తాళ్లప్రొద్దుటూరు, చౌటిపల్లి, గండ్లూరు వంటి కొండాపురం మండలపు ఊళ్లు. 2020లో నీటినిల్వ పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరులోకి నీళ్లు చేరడం, పరిహారం అందేదాకా గడువు ఇవ్వాలని గ్రామస్థులు ఆందోళన చేయడం ఆనాటి పత్రికలలో చూడవచ్చు.

2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం ‘ప్రభావిత కుటుంబం’ అనే మాటను విస్తరించింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పని చేస్తూ, ఆ పనే ప్రధాన జీవనాధారంగా ఉన్న వ్యవసాయకూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు అందులోకి వస్తారు. వయోజనులైన స్త్రీ పురుషులు ఎవరికి వారే వేరు కుటుంబం. వితంతువులు, భర్త విడిచిన స్త్రీలు కూడ వేరు కుటుంబాలే. రెండో షెడ్యూలు ప్రకారం ఉద్యోగం గానీ, ఒకేసారి 5 లక్షల రూపాయలు గానీ, ఇరవై ఏళ్లపాటు నెలకు 2,000 రూపాయలు గానీ ఎంచుకోవచ్చు. పాత 1894 చట్టంతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. చట్టం ముందు శ్రమ, కనీసం నిర్వచనంలోనైనా, భూమి పక్కన వచ్చి నిలబడింది.

చిక్కు నిర్వచనంలో లేదు, రుజువులో ఉన్నది. మూడేళ్లు పని చేసినట్లు దేనితో చూపాలి? అడంగల్‌లో పట్టాదారు పేరు ఉంటుంది, అనుభవదారు పేరు ఉంటుంది, పంట, నీటి ఆధారం ఉంటాయి. కలుపు తీసినవారికి, పత్తి విడిచినవారికి, బుడ్డశెనగ పీకినవారికి అందులో గడి లేదు. కౌలుదారుకు 2019 చట్టం పంటసాగుదారు కార్డు ఇచ్చింది కానీ అది భూయజమాని సంతకంతో పదకొండు నెలలకు కుదిరే ఒప్పందం. కూలికి ఉన్న ఏకైక కాగితం ఉపాధిహామీ జాబుకార్డు. అందులో ప్రభుత్వం చేయించిన పని దినాలే ఉంటాయి తప్ప, రెడ్డిగారి చేలో చేసిన పని ఉండదు. రాజ్యం తాను చూచిన శ్రమనే శ్రమగా లెక్కిస్తున్నది. ఈ విషయంలో మంగలి శాసనాన్ని చెక్కిన కాలానికి, మనకు దూరం అనుకొన్నంత లేదు.

డబ్బుగా ఇచ్చే పరిహారంలో మరొక పొరపాటు ఉన్నది. కూలిపని అంటే రోజుకు ఇంత అనే రేటు మాత్రమే కాదు. ఏ చేలో ఎప్పుడు కోత పడుతుందో తెలియడం, గుంపు కట్టే పెద్దమనిషి పరిచయం, చేబదులు పుట్టే అంగడి, పనిలేని నెలల్లో పశువులకు గడ్డి దొరికే ఏటిగట్టు, ఇవన్నీ కలిస్తేనే అది పని. పునరావాస కాలనీలో ఇల్లు ఉండవచ్చు, రోడ్డు ఉండవచ్చు. చుట్టూ ఉన్న చేలు వేరే ఊరివారివి, వారి గుంపులు వారికి ఉన్నాయి. 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఆకలి వల్ల కనీసవేతనం కన్న తక్కువకు ఒప్పుకోవడం కూడ నిర్బంధశ్రమే అన్నది. ఆ తర్కాన్ని ముంపుగ్రామాలకు అన్వయిస్తే, పాత ఊరిలో అందిన కూలి కన్న తక్కువకు కొత్తచోట పనికి పోవలసి వచ్చిన స్త్రీ పరిస్థితిని 23వ అధికరణం వెలుగులో పరిశీలించడానికి అవకాశం ఉన్నది. న్యాయశాస్త్రపరిశోధకులు దీన్ని చేపట్టవచ్చు.

తెలుగు పరిశోధకుల వంతు వేరు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్లపేర్లపై పరిశోధన చేసినప్పుడు ఈ ఊళ్లు నేలమీద ఉన్నాయి. ఇప్పుడు పేర్లు కాలనీల బోర్డులమీదికి చేరాయి. ఊరిపేరుకన్న త్వరగా పోయేవి పనిమాటలు. ఏ చేను ఏ పేరుతో పిలిచేవారు, ఏ గుంపుకు ఎవరు పెద్ద, కూలి గింజల రూపంలో ఎప్పటిదాకా ఇచ్చారు, ఏ పని వెట్టిగా చేయవలసి వచ్చేది అని కాలనీలలోని అవ్వలను అడిగి రాసుకొంటే, భాషాశాస్త్రానికి పదకోశం దొరుకుతుంది. సేకరణకు ముందు మూడేళ్లు ఎవరు ఎక్కడ పని చేశారన్న సాక్ష్యం కూడ అందులోనే ఉంటుంది. నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థిని ఈ వేసవిలో తన అవ్వతో ఆ పని మొదలుపెట్టింది. మొదటిరోజు రాసుకొని వచ్చిన నలభై మాటలలో చేల పేర్లే పదకొండు ఉన్నాయి. వాటిలో ఒక్క చేను కూడ వారిది కాదు.