ఎండ పలకకు ఏ రంగు మేలు?



మైపాడు, ఇస్కపల్లి వైపు ఇసుక నేలల్లో నాగజెముడుకు నీరక్కరలేదు, ఎరువక్కరలేదు. దాని పండు రసంతో కరెంటు పుట్టిస్తారని ఎవరన్నా చెబితే, “అయితే ఒక ఎకరం వేద్దామా?” అని అడగడం సహజమే గదా. ఆ మాటలో నిజమెంతో చూద్దాము.

మాట అబద్ధం కాదు. 1991లో స్విట్జర్లాండులో గ్రాట్జెల్, ఓరీగన్ అనే శాస్త్రజ్ఞులు రంగుతో పనిచేసే సౌర ఘటాన్ని లోకానికి చూపించారు. కరెంటు సాగే పూత ఉన్న గాజు పలక మీద టైటానియం డయాక్సైడు పొడిని పలుచగా పట్టించి కాలుస్తారు. తెల్ల పెయింటుకు ఆ తెలుపు నిచ్చేది ఈ పొడే. ఆ పలకను రంగులో నానవేస్తారు. ఎండ సోకగానే రంగు అణువు ఒక ఎలక్ట్రానును వదులుతుంది. తెల్లపొడి దానిని అందుకొని తీగలోకి పంపుతుంది. రంగు పోగొట్టుకున్నదానిని తిరిగి ఇచ్చేది రెండు పలకల నడుమనున్న అయొడిన్ ద్రవం.

నాగజెముడు పండు, నేరేడు పండు, మందార, గోరింటాకు, పసుపు అన్నిటినీ ప్రయోగశాలల్లో పరీక్షించారు. కరెంటు వచ్చింది. కాని నూరు పాళ్ళ ఎండలో చాలావాటికి ఒక పాలు కూడా కరెంటు కాలేదు. మంచివి రెండు పాళ్ళ దరిదాపు. రుథేనియం అనే అరుదైన లోహంతో చేసిన కృత్రిమ రంగు 1993 నాటికే 10 పాళ్ళకు చేరింది. ఆ పనిలో ముందున్న నజీరుద్దీన్ గారు మన ఉస్మానియాలో చదివినవారే సుమండీ. 2014లో పార్ఫిరిన్ రంగుతో 13 పాళ్ళు వచ్చాయి. ఈ పార్ఫిరిన్ ఆకుపచ్చ అణువుకు దగ్గర చుట్టమే, అయితే మనిషి చేసినది.

తేడా ఎందుకంటే, రంగు తెల్లపొడిని గట్టిగా పట్టుకోవలె, ఎండలోని ఎక్కువ వన్నెలను మింగవలె, ఏళ్ళ తరబడి వెలియకుండా నిలవవలె. మందార రసానికి పట్టు ఉన్నది, నిలకడ లేదు. ఆ రసం పట్టిన గుడ్డను నాలుగు రోజులు ఎండలో ఆరవేసి చూడండి, మీకే తెలుస్తుంది. పైగా మన తీరపు ఎండకు, ఉప్పుగాలికి పలకల అంచు అతుకు సడలితే లోపలి ద్రవం పోతుంది. ఆ బాధ ఏ రంగుకైనా ఒకటే.

అసలు సంగతి ఇది. మొక్క నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అన్నది ఘటానికి పట్టదు. దానికి కావలసింది అణువు. మన తీరంలో బట్టలకు ఎరుపు నిచ్చిన చిరివేరు సంగతి చూడండి. అందులో ముఖ్యమైనది అలిజరిన్. 1868లో జర్మనీలో దానినే తారు సరుకు నుంచి చేశారు. నెల్లూరు, కడప జిల్లాల్లో నీలి తొట్లు ఎన్నో ఉండేవి. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చింది, ఆ సాగు క్రమంగా పడిపోయింది. రేపు నాగజెముడు రంగు గెలిచినా, ఆ అణువును కర్మాగారంలో చేయరని ఎవరు చెప్పగలరు?

ఇంకొక లెక్క. చదరపు మీటరు పలకకు పట్టే శుద్ధమైన రంగు సుమారు గ్రాము, రెండు గ్రాములు. అంటే ఒక క్వింటాలు రంగు పన్నెండెకరాల పలకలకు సరిపోతుంది. ఇంత తక్కువ సరుకు కోసం ఊళ్ళకు ఊళ్ళు పంట వేస్తే కొనేదెవరు?

మోటారుకో, రొయ్యల గుంటకో సౌర విద్యుత్తు కావలెనంటే ఇప్పుడు సిలికాను పలకలే కొనండి. నూటికి ఇరవై పాళ్ళ వరకు, కొన్ని అంతకు మించీ ఇస్తున్నాయి. రంగు ఘటానికి తగిన చోటు ఇంటిలోపలి మసక వెలుతురు, చిన్న చిన్న పరికరాలు. బడిలో పిల్లలకు నేరేడు రసంతో ఒకటి చేసి చూపితే ఎంతో బాగుంటుంది, ఖర్చూ తక్కువే.

రంగు పంటే వేయాలని మనసుంటే శ్రీకాళహస్తి కలంకారీ వారిని అడగండి. మొక్కల రంగులు వారికి నేటికీ అవసరమే. ఏ రంగు, ఎంత తూకం, ఏ ధర అన్నది విత్తనం కొనక ముందే కాగితం మీద వ్రాయించుకొని, తరువాత నేల దున్నండి.