కొత్త లోకం కావాలి... అదీ పాతదే!

బల్ల చుట్టూ నలుగురైదుగురు. మధ్యలో ఇరవై ముఖాల పాచిక. 'మీరు కోట తలుపు దగ్గరికి చేరారు. లోపల్నుంచి మూలుగు వినిపిస్తోంది. ఇప్పుడేం చేస్తారు?' అంటాడు కథ నడిపేవాడు. తలుపు పగలగొడతానంటాడొకడు. మంత్రం వేస్తానంటుంది ఇంకొకామె. పాచిక వేస్తారు. తలుపు విరుగుతుందో, చెయ్యి విరుగుతుందో ఆ అంకెను బట్టే తేలుతుంది. పందెం ఉండదు. గెలిచినవాడూ ఓడినవాడూ ఉండరు. కథ ముందుకు సాగాలంతే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట తీరిది.

ఈ ఆటకు రూల్సెంత ముఖ్యమో, కథ జరిగే లోకమూ అంతే ముఖ్యం. ఏయే రాజ్యాలున్నాయి, ఏ దేవుళ్లని కొలుస్తారు, అడవిలో ఏ భూతం తిరుగుతుంది... ఇవన్నీ రాసిన పుస్తకాలను కంపెనీ విడిగా అమ్ముతుంది. వాటినే అభిమానులు 'సెట్టింగ్' అంటారు. కొత్తది వస్తోందంటే చాలు, కొత్త సినిమా రిలీజుకు ముందు హీరో అభిమానులు చేసే హడావుడే ఇక్కడా!

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ ఆత్రం కొత్తేమీ కాదు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'భల్లూక మాంత్రికుడు' ముగిసేదాకా చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికల పేర్లు చూడండి. కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. అన్నీ చోట్ల పేర్లే! సీరియల్ మారితే లోకం మారాలి. కానీ ఇద్దరు సాహసవీరులు మాత్రం ఉండి తీరాలి. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతానికొస్తే ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాంత్రికుడు లేకపోతే పిల్లలు ఊరుకుంటారా?

బల్లమీది ఆటలోనూ సరిగ్గా అదే చిక్కు. 2015లో కంపెనీ అభిమానుల్ని సర్వే చేసింది, ఏ లోకం కావాలని. ముందు వరసలో నిలిచినవి ఎబెరాన్, రావెన్‌లాఫ్ట్, డార్క్ సన్, ప్లేన్‌స్కేప్, ఫర్గాటెన్ రెల్మ్స్. అన్నీ అంతకుముందే వచ్చినవే. చిన్నప్పుడు తిన్న మిఠాయి రుచే మళ్లీ కావాలంటారు, పొట్లం మాత్రం కొత్తగా ఉండాలంటారు.

పోనీ, అడిగినవాళ్లందరికీ తలో లోకం ఇచ్చేస్తే? ఆ ముచ్చటా తీరింది. ఆటను మొదట ప్రచురించిన టీఎస్ఆర్ కంపెనీ 1980ల చివరినుంచి వరసగా కొత్త లోకాలు దించింది. ఒక లోకం అభిమాని మరో లోకం పుస్తకం కొనడు. కొనేవాళ్లు చీలిపోయారు, గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. మిగతా తప్పులూ తోడై అప్పుల్లో మునిగిన కంపెనీని 1997లో 'విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్' కొనేసింది.

కొత్త యజమాని 2002లో వేరే దారి తొక్కాడు. 'మీరే ఒక లోకం రాసి పంపండి' అని పోటీ పెట్టాడు. పదకొండు వేలకు పైగా ఎంట్రీలు వచ్చిపడ్డాయి! గెలిచిన కీత్ బేకర్ ఊహే ఎబెరాన్. 2004లో పుస్తకమైంది. మంత్రంతో నడిచే రైళ్లు, యుద్ధం ముగిసి పనిలేకుండా మిగిలిపోయిన యంత్ర సైనికులు ఉండే లోకమది. రూల్సు పాతవే. వాటితో పుట్టే కథలు వేరు. అభిమానులు కోరేదీ ఆ తేడానే.

డార్క్ సన్ కోసం ఏళ్లతరబడి అడిగిందీ అందుకే. 1991నాటి ఆ లోకమంతా ఎడారి. నీళ్లు బంగారంతో సమానం. ఇనుము దొరకదు. మంత్రం వేస్తే చుట్టూ ఉన్న పచ్చదనం మాడిపోతుంది. కరవు చూసిన పాలమూరు వాళ్లకు ఈ లోకం గురించి విడమరిచి చెప్పాలా? అయితే బానిస వ్యవస్థ నిండిన ఆ కథను ఈ రోజుల్లో ఎలా అచ్చువేయాలన్నది కంపెనీకి తలనొప్పి. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2022లో వచ్చిన 'స్పెల్‌జామర్'లో ఒక కోతి జాతికి రాసిన బానిసత్వపు కథ నల్లజాతివారిని కించపరిచేలా ఉందని గొడవైంది. కంపెనీ క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని తీసేసింది. ఓడలమీద తిరిగే ఆ లోకంలో ఓడల యుద్ధానికి సరైన రూల్సే లేవని అభిమానులు విరుచుకుపడటం ఇంకో కథ.

అదే ఏడాది మన దేశపు గాలి కూడా ఆటలోకి వీచింది. 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్' పుస్తకంలోని పదమూడు సాహసాల్లో ఒకటి కోల్‌కతాకు చెందిన మిమి మండల్ రాసింది. బెంగాల్ నదులు, అడవుల ఛాయలతో ఆమె అల్లిన లోకం పేరు శంఖభూమి. ఆ ప్రాంతం మనిషే రాస్తే అభిమానికి ధీమా. గుడికీ గోపురానికీ తేడా తెలియనివారు రాస్తారేమో అన్న బెంగ ఉండదు.

మరి మన నడిగడ్డను లోకంగా మలిస్తే? పైన కృష్ణ, కింద తుంగభద్ర. మధ్యలో గద్వాల మట్టికోట, ఆ కోటలో చెన్నకేశవుడి గుడి. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు. తెలుగూ కన్నడమూ కలగలిసే గట్టు సరిహద్దు ఊళ్లు. పటం గీసేటప్పుడు పొరపాటున నదులు తారుమారైతే గట్టు కుర్రాళ్లు మొదటి రోజే పట్టేస్తారు! ఇక కథకంటారా, శ్రీశైలం జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. అలా విప్పినప్పుడు ఏ రాయి కింద ఏం బయటపడిందో... అది ఆట నడిపేవాడే చెప్పాలి. పాచిక వేయండి.