చలికాలపు గుట్టదారి: ఒక మోటారు సైకిలు ప్రయాణం నేర్పిన లెక్క

సిద్దిపేట చుట్టుపక్కల ఉన్నవి పర్వతాలు కావు, గుట్టలు. చలికాలంలో మోటారు సైకిళ్ళపై విశాఖ మన్యానికి పోయి, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో మంచు చూచి వచ్చిన మిత్రుల మాటలు విన్నప్పుడెల్లా మాకును అటువంటి ప్రయాణం చేయవలెనని కోరిక కలిగేది. అంత దూరం పోవుటకు సెలవులు చాలవు. కావున ఒక నవంబరు చివరి ఆదివారం నాడు మేమిద్దరము, తెలుగు చెప్పువారొకరు, ఉర్దూ చెప్పువారొకరు, ఒకే బండిపై మెదక్ కోటకు బయలుదేరినాము. మా విద్యార్థులలో పలువురు మోటారు సైకిళ్ళపైననే కళాశాలకు వచ్చుచున్నారు గనుక, ఆ దారి మాకు నేర్పిన ఒక లెక్కను వారి ముందుంచుట మా కర్తవ్యమని తోచినది.

సిద్దిపేట నుండి మెదక్ సుమారు 70 కిలోమీటర్లు. పెద్ద రోడ్డు విడిచి, దుబ్బాక మీదుగా పల్లెదారులు పట్టి రామాయంపేట చేరి, అక్కడి నుండి అడవి అంచున మెదక్ పోవలెనని మా సంకల్పం. తెల్లవారకముందే బయలుదేరినాము. గుట్ట మీద దారి స్పష్టంగానే ఉన్నది. దిగువన చెరువుకట్ట వద్దకు రాగానే ఎదుట ఏమియు కనబడకపోయినది. దీనికి కారణం సులభమైనదే. మేఘాలు లేని చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశానికి విడిచి చల్లబడుతుంది. నేలను తాకిన గాలియు చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి పల్లానికి జారుతుంది. పల్లంలో చెరువులు, తడిపొలాలు ఉండుట చేత అక్కడి గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ చల్లగాలిలో సన్నని నీటి తుంపరలై నిలిచిపోతుంది. అదే పొగమంచు. కనుక గుట్టదారిలో దిగుడు వచ్చిన ప్రతిచోట పొగమంచు ఉండునని ముందే తలచవలెను.

చలి సంగతియు అటువంటిదే. మన శరీరం చుట్టూ వెచ్చని గాలి పొర ఒకటి ఉంటుంది. వేగంగా పోయినప్పుడు ఎదురుగాలి ఆ పొరను ఎప్పటికప్పుడు తుడిచివేయును. అందుచేత నిలుచున్నప్పుడు ఓర్వదగిన చలి, బండిపై వేళ్ళను కొయ్యబారజేయును. కొయ్యబారిన వేళ్ళతో బ్రేకు పట్టుటకు ఆలస్యమగును. చేతి తొడుగులు షోకు కొరకు కావని ఆనాడు మాకు తెలిసినది.

ఎండ వచ్చేసరికి దారికిరువైపుల రాతిగుట్టలు కనబడినవి. తెలంగాణ గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. రాతిలోని పగుళ్ళ గుండా నీరు దిగి, మూలలను ముందుగా అరగదీయుట చేత, ఎవరో పేర్చినట్లు గుండ్లపై గుండ్లు నిలిచినవి. ఆ గుట్టల మలుపులలోనే రైతులు వడ్లు తెచ్చి రోడ్డుపై పోయుచున్నారు. సగం రోడ్డు వారి కల్లమైనది. అంచుల వెంట వరుసగా రాళ్ళు పెట్టినారు. పగటి వెలుతురులో అది మాకు కనులపండువుగనే ఉన్నది.

మెదక్ కోట కాకతీయుల నాటిదని ప్రసిద్ధి. తరువాత కుతుబ్ షాహీల ఏలుబడిలోనికి వచ్చినది. సింహద్వారం, గజద్వారం దాటి పైకి పోగా పాత మసీదు, ముబారక్ మహల్ కనబడును. పైనుండి చూచిన ఊరి నడుమ చర్చి శిఖరం లేచియున్నది. కరువు దినాలలో పేదలకు పని, అన్నం కల్పించిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరువబడినది. ఈ ముచ్చట్లలో మునిగి మేము కాలం మరచినాము. నవంబరు చివరలో మన ప్రాంతాన 5 గంటల 40 నిమిషాలకే ప్రొద్దు గ్రుంకును. ఆ సమయానికి మేమింకను దారి మధ్యనే ఉన్నాము. ఇల్లు చేరవలెనన్న తొందరలో వేగం 50 దాటినది.

ఉదయం చూచిన మలుపే అది. రాళ్ళు లైటు వెలుతురులో కనబడేసరికి బండి వడ్లపైకి ఎక్కియుండెను. బ్రేకు పట్టగానే వెనుక చక్రం ప్రక్కకు జారినది. ఇద్దరమును పడినాము. ముందున్న మా తలకు హెల్మెటు ఉన్నది. వెనుక కూర్చున్న వారికి లేదు. ముందు, వెనుక కూర్చున్న ఇద్దరును హెల్మెటు ధరింపవలెనని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెప్పుచున్నదని మాకు తెలియనిది కాదు. ఆయన తల రాతికి జానెడు దూరంలో ఆగినది. మణికట్టు మాత్రం విరిగినది.

కావలి ఉన్న ముసలి రైతు పరుగున వచ్చి లేపినాడు. “ఏం కాలే గద సారూ?” అని అడిగి నీళ్ళు తాగించినాడు. మేము కోపంతో ఏదో అనబోగా ఆయన, “తేమ ఉన్నదని కాంట కాడ తీసుకుంటలేరు సారూ. మాకు కల్లం లేదు. ఏడ ఎండబోసుకోవాలె?” అన్నాడు. వడ్లలో తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రాలు తీసుకొనవు. కోసిన నాటి వడ్లలో అంతకన్న ఎక్కువ తేమ ఉండును. వెచ్చని, గట్టి, బురద లేని నేల ఆ రైతుకు తారు రోడ్డొక్కటే. మా నోట మాట రాలేదు.

ఇప్పుడు లెక్క చూడుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 14 మీటర్లు. ప్రమాదం చూచి చేయి బ్రేకును పట్టుటకు ఒక సెకను అనుకొందము. అప్పటికే 14 మీటర్లు పోయినాము. పొడి తారుపై బ్రేకు పట్టి ఆగుటకు ఇంకొక 14 మీటర్లు, మొత్తం 28. వడ్ల గింజలు చక్రం క్రింద గోలీల వలె దొర్లును. పట్టు సగానికన్న తక్కువైనదనుకొన్న, మొత్తం దూరం 47 మీటర్లగును. చీకటిలో దారి 30 మీటర్లే కనబడినచో, పొడి రోడ్డుపై ఎట్లో ఆగుదుము. వడ్లపై ఆగలేము. అదే వేగం 30 అయినచో వడ్లపైనను 20 మీటర్లలో ఆగవచ్చును. మలుపులోనైతే ఇంకను కఠినం. వేగం రెట్టింపైన మలుపు తిరుగుటకు కావలసిన పట్టు నాలుగు రెట్లగును. ఆ పట్టు బ్రేకుకును మలుపుకును పంచబడును గనుక, మలుపులోనికి పోకముందే వేగం తగ్గింపవలెను.

కనుక సూత్రమొక్కటే: కంటికి కనబడినంత దూరంలో ఆగగలిగినంత వేగమే మనకు తగిన వేగం. పొగమంచుకు, మలుపుకు, చీకటికి, వడ్లకు ఈ ఒక్క సూత్రమే చాలును.

విద్యార్థులారా, ఆ రైతు తప్పు చేసినాడని మీరనవచ్చును. రోడ్డుపై ధాన్యం పోయుట ప్రమాదకరమే. మన జిల్లాలోను, ఇతర జిల్లాలలోను రాత్రివేళ ఇటువంటి కుప్పలకు తగిలి ప్రాణాలు పోయినవి. కాని ఉదయం ఆ కుప్పను కన్నులారా చూచి, సాయంత్రం మరచినవారము మేము. కల్లాలు నిర్మించుట ప్రభుత్వం చేయవలసిన పని. అది జరుగులోగా మనము చేయదగినది కొంత ఉన్నది. కళాశాల కమిటీ వారికి మా విన్నపమేమనగా, ప్రతి కోతల కాలంలో జాతీయ సేవా పథకం విద్యార్థులను సమీప గ్రామాలకు పంపి, ధాన్యపు కుప్పల అంచు రాళ్ళకు సున్నం పూయించి, వెలుతురు పడగానే మెరిసే పట్టీలు అంటింపజేయవలెను. ఖర్చు స్వల్పం.

మా మిత్రుడు ఆరు వారాలు కట్టుకట్టిన చేతితోనే ఉర్దూ పాఠాలు చెప్పినారు, నల్లబల్లపై వ్రాయుటకు విద్యార్థులను పిలుచుచు. ఇప్పుడు మా బండికి రెండు హెల్మెట్లు వ్రేలాడుచున్నవి.